ఎదురింటి గోడకు రెండు మేకులు

ఒక అనుమానం నన్ను ఏళ్ళ తరబడి వదల్లేదు.

చిన్నప్పుడు మసీదు బడిలో నేర్చుకున్న ఖురాన్ సూరాల్లో బాగా పొట్టిది ఒకటి ఉంది. మొదలుపెట్టామనుకునేలోపే అయిపోతుంది. పనికి పోయే తొందరలో ఉన్నవాడికి అదొక పెద్ద ఆసరా. నేను చేసిన నమాజుల్లో సగానికి సగం దాంతోనే గడిచిపోయాయి. నోటికి వచ్చు గానీ దాని అర్థం నాకు తెలియదు. ఎవరినీ అడగనూ లేదు. తల నెరిసిపోయాక ఒక శుక్రవారం ఇమాంగారు ఆ అర్థం చెప్పారు. నమాజు చేస్తూనే దాని మీద ధ్యాస లేనివాళ్ళకు, పదిమందీ చూడాలని చేసేవాళ్ళకు, ఇరుగుపొరుగువాళ్ళకు చిన్న చిన్న వస్తువులు ఇవ్వడానికి కూడా చేతులు రానివాళ్ళకు అందులో గట్టి హెచ్చరిక ఉందట. హెచ్చరిక నమాజు ఎగ్గొట్టేవాళ్ళకు కాదు. చేసేవాళ్ళకే.

మొదటి వరుసలో కూర్చుని ఉన్న నాకు భయం వేసింది. అందరూ వెళ్ళేదాకా ఆగి ఆయన దగ్గరికి వెళ్ళాను.

"చిన్న వస్తువులంటే ఏమిటండీ?"

"బకెట్టు, గొడ్డలి, జల్లెడ, చిటికెడు ఉప్పు. మన పెద్దవాళ్ళు చెప్పింది ఇవే."

"బకెట్టుకీ నమాజుకీ ఏమిటండీ సంబంధం? ఈమాన్ అంటే గుండెలో ఉండే నమ్మకం కదా."

"గుండెలోదే. అయితే పక్కింటాయన మీ గుండె తట్టి చూడలేడు కదా, తలుపే తడతాడు" అని నవ్వి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఇంటికి వస్తూ ఆలోచించాను. ఆలోచించినకొద్దీ భయం తగ్గింది. మా ఇంట్లోంచి వీధిలోకి వెళ్ళి రాని వస్తువు లేదు. ఇస్త్రీపెట్టె, పెద్ద గిన్నె, సుత్తి, గొడుగు, నిచ్చెన, చివరికి ఒకసారి గోడ గడియారం కూడా వెళ్ళి వచ్చింది. కాకపోతే ఇచ్చేది నేను కాదు, నా భార్య. ఆమెది ఎముక లేని చెయ్యి. నాది ఎంగిలి చేత్తో కాకిని తోలని చెయ్యి అని ఆమే నవ్వుతూ అనేది. మరి ఆమె ఇచ్చింది నా లెక్కలోకి వస్తుందా? వస్తువు నా కష్టంతో కొన్నది. ఆమె ఇస్తుంటే నేను సణుక్కుంటూ ఊరుకున్నాను. సణుక్కుంటూ ఊరుకోవడం ఇవ్వడం కిందికి వస్తుందా? ఇదీ నా అనుమానం. దీన్ని మాత్రం ఇమాంగారిని అడగలేదు. అడిగితే ఎక్కడ జవాబు చెప్పేస్తారోనని భయం.

ఆ జవాబు ఒక వేసవిలో వచ్చింది. చలి తగ్గుతున్న రోజుల్లో నా భార్య చనిపోయింది. ఆ తర్వాత వచ్చిన వేసవి అది.

నేను రేకుపెట్టెలు చేసేవాణ్ణి. ముందు గదే నా దుకాణం. రేకు కత్తిరించడం, అంచు మడిచి కొట్టడం, మూలలు రివెట్లతో బిగించడం, గొళ్ళెం పెట్టడం, చివర నీలం రంగు వేసి ఎండకు పెట్టడం, ఇవే నా రోజులు. ఆ నీలం రంగు వీధిలో అందరికీ తెలుసు. ఎందుకు తెలుసో కూడా చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట మా కొత్త జల్లెడ ఎవరింటికో వెళ్ళి, ఎవరిదో చిల్లుపడ్డ జల్లెడ తిరిగి వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. పెట్టెలు అమ్ముకుని ఊరినుంచి వచ్చిన మర్నాడు, నా భార్య ఎవరినో పలకరించడానికి వెళ్ళిన సమయం చూసి, రంగు డబ్బా తీసుకుని ఇంట్లో కనపడ్డ ప్రతిదానికీ ఒక నీలం చుక్క పెట్టాను. బకెట్టు అడుగున, గరిటె కాడకు, గొడుగు పిడికి, పెరట్లో గోడకు ఆనించి ఉన్న నిచ్చెన పైమెట్టుకు. ఆమె వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"అన్నింటికీ పెట్టేశారా?"

"అన్నింటికీ."

"నిచ్చెనకి కూడానా?"

"నిచ్చెనేం పాపం చేసింది? ఇకనుంచి మన వస్తువు ఎక్కడున్నా మనదని తెలియాలి. దీని మీద ఇంకో మాట వద్దు."

ఆమె ఇంకో మాట అనలేదు. వీధిలోవాళ్ళు మాత్రం కొన్నాళ్ళు అన్నారు. "అన్నయ్యా, వదినకి కూడా చుక్క పెట్టారా, తప్పిపోతుందేమో" అని ఎదురింటావిడ గట్టిగా నవ్వేది. ఆవిడకు 'రేడియో' అని పేరు. నేనే పెట్టాను. నోట్లో నువ్వుగింజ నానదు. ఒక చెవిలో వేస్తే సాయంత్రానికి వీధి చివర వినిపిస్తుంది. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. ఆవిడ మాట్లాడే మాటలన్నింటికీ ఆయన మౌనం సరిపోయేది.

నా భార్య పోయాక మా అమ్మాయి కొన్నాళ్ళు నా దగ్గర ఉంది. దూరంగా ఒక ఆస్పత్రిలో నర్సు. సెలవు అయిపోయిన రోజు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"వానలు పడేలోపు వచ్చి తీసుకెళ్తాను నాన్నా. ఈలోపు సర్దుకోండి."

"నా దుకాణమో?"

"ఇప్పుడు రేకుపెట్టె ఎవరు కొంటున్నారు నాన్నా?"

నిజమే. ఆ నెలలో ఒక్క పెట్టె కూడా అమ్ముడుపోలేదు. సరేనన్నాను.

అమ్మాయి వెళ్ళిన మర్నాడు తలుపు చప్పుడైంది. తీస్తే రేడియో. చేతుల్లో మా ఇస్త్రీపెట్టె, జల్లెడ.

"వదిన ఉన్నప్పుడు నేను తీసుకెళ్ళినవి అన్నయ్యా. నమ్మి ఇచ్చిన అమానత్. మనిషి పోయాక మన దగ్గర ఉంచుకోకూడదు. మీకు అప్పజెప్పాలి."

ఎప్పుడూ వాకిట్లోంచే అరిచి మాట్లాడే మనిషి ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. రెండూ నా చేతుల్లో పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ తర్వాత వరసగా వచ్చారు. రొట్టెలు కాల్చే అతను పెద్ద గిన్నె తెచ్చాడు. మూలింటి దర్జీ సుత్తి తెచ్చాడు. పేరు కూడా తెలియని ఒక ముసలావిడ, ఎక్కడో వెనక వీధిలో ఉంటుందట, మా గొడుగు పట్టుకుని ఎండలో నడిచి వచ్చింది. వేసుకోకుండా, మడిచి పట్టుకుని వచ్చింది. ఎందుకమ్మా ఎండలో అంటే, "ఇచ్చేయడానికి తెచ్చిన గొడుగు నాయనా, నేనెలా వేసుకుంటాను" అంది. అన్నింటి మీదా నీలం చుక్క ఉంది. అన్నింటినీ కడిగి, తుడిచి తెచ్చారు.

మొదట్లో నాకు తృప్తిగానే ఉండేది, దాచడం ఎందుకు. అరలో దేని చోట దాన్ని పెట్టేవాణ్ణి. మూడు గరిటెలు ఉండాల్సిన చోట మూడూ ఉన్నాయి. పెళ్ళయినప్పటినుంచి ఆ అరను నిండుగా చూడడం అదే మొదటిసారి. ఒకరోజు ఎవరో చిన్న మూత ఒకటి తెచ్చి ఇచ్చారు. ఆ మూత కోసం నా భార్య ఒక వేసవంతా ఇల్లు తిరగేసి, చివరికి కొత్తది చేయించుకుంది. నేనే చేసి ఇచ్చాను. "చూశావా, దొరికింది" అని చెప్పడానికి వంటింట్లోకి రెండడుగులు వేశాను. అక్కడ ఎవరు ఉన్నారు? మూత చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఇల్లు నిండింది. నిండినకొద్దీ బోసిపోయింది.

ఎందుకో నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. మా తలుపు తట్టినవాళ్ళు ఇన్నాళ్ళూ ఏదో ఒకటి అడగడానికి వచ్చేవాళ్ళు. అడిగినవాళ్ళు ఇవ్వడానికి మళ్ళీ వచ్చేవాళ్ళు. ఇచ్చేటప్పుడు కాసేపు కూర్చునేవాళ్ళు. ఆ రాకపోకలే మా ఇంటి చప్పుడు. నేను ముందు గదిలో రేకు కొడుతూ, ఈ గోల ఎప్పుడు తగ్గుతుందా అని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఎవరికి వాళ్ళు ఇవ్వాల్సింది ఇచ్చేశారు. మళ్ళీ రావడానికి ఎవరికీ పని లేదు. ముసలాయన దుఃఖంలో ఉన్నాడు, కదిలించకూడదని అనుకుని ఉంటారు. నేనూ గడియ వేసుకోవడం అలవాటు చేసుకున్నాను.

అయిదు పూటలా మసీదుకు వెళ్ళేవాణ్ణి. మొదటి వరుసలో నా చోటు నాకు ఉంది. సలాం చెప్పేవాళ్ళు, బాగున్నారా అనేవాళ్ళు, భుజం తట్టేవాళ్ళు. తిరిగి వచ్చి గడియ తీస్తే, పొద్దున పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉండేది. ఎవరూ కదపని గ్లాసు చూడడం ఎంత కష్టమో నాకు అంతకుముందు తెలియదు. ఆ పొట్టి సూరా ఇంట్లో చదవడం మానేశాను. మసీదులో కూడా, ఏ సూరా చదవాలో మనమే ఎంచుకోగల రకాతుల్లో, అంటే నమాజు భాగాల్లో, ఇంకేదైనా చదివేవాణ్ణి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాటలు దగ్గరికి వచ్చేసరికి నాలుక తడబడేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక సెలవురోజు పొద్దున తలుపు చప్పుడైంది. ఎవరైతేనేం అని లేచి ఒక్క ఉదుటున వెళ్ళాను. ఎదురింటి డ్రైవరు.

"అన్నా, సలాం. నిచ్చెన ఒకసారి కావాలి. నీళ్ళ ట్యాంకు కడగాలి."

ఇవ్వడానికి వచ్చాడేమో అనుకున్నాను. అడగడానికి వచ్చాడు. ఆ నిచ్చెన పెరట్లో ఆమె ఆనించిన చోటే ఉంది. మంచంపట్టక ముందు, కప్పు మీద ఎండిన ఆకులు ఊడ్చడానికి ఆమే ఎక్కింది. నాకు ఎత్తంటే భయం. మా ఇంట్లో నిచ్చెన ఎక్కేది ఎప్పుడూ ఆమే. దాన్ని అక్కడినుంచి కదిలించడం నాకు ఇష్టం లేదు. అంతవరకు చెప్పినా బాగుండేది. అది చెప్పలేదు.

"మసీదులో కనపడడం లేదేం తమ్ముడూ? శుక్రవారం కూడా చూడలేదు" అన్నాను.

"డ్యూటీ అన్నా. దారిలో బండి ఆపుకుని చేసుకుంటున్నాను."

"దారిలో చేసుకోవడం వేరు, జమాతులో నలుగురితో కలిసి చేయడం వేరు."

"నిజమే అన్నా."

"నిచ్చెన ఇప్పుడు కుదరదు. తర్వాత చూద్దాం."

ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. కోపంగా కాదు. ఏదో పోగొట్టుకున్నవాణ్ణి చూసినట్టు చూశాడు.

"సరే అన్నా. తొందరేం లేదు" అని వీధి దాటి వెళ్ళిపోయాడు.

తలుపు సందులోంచి చూస్తూ ఉండిపోయాను. ఎదురింటి పక్కగోడ మా గుమ్మంలోకి సూటిగా కనిపిస్తుంది. సున్నం వేసిన ఆ గోడకు నా ఎత్తులో రెండు పెద్ద మేకులు ఉన్నాయి, ఒకదానికొకటి దూరంగా. బట్టల తాడు కట్టుకోవడానికి కొట్టి ఉంటారని ఎన్నో ఏళ్ళుగా అనుకునేవాణ్ణి. తాడు మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ గోడ పక్కనే డ్రైవరు ఒక నూనె డ్రమ్ము దొర్లించుకొచ్చి నిలబెట్టాడు. దాని మీద స్టూలు పెట్టాడు. రేడియో కొంగు బిగించి స్టూలు కాళ్ళు పట్టుకుంది.

"పడితే నేను పట్టుకోలేను, ముందే చెప్తున్నా."

"పట్టుకోవద్దు. పక్కకి జరుగు. పడేవాడికి చోటు కావాలి కదా" అన్నాడు పైకి పాకుతూ.

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను తలుపు వేసుకున్నాను. ఆ రోజు మా ఇంట్లో రేకు చప్పుడు కూడా లేదు.

వేసవి చివరకు వచ్చింది. సాయంత్రాలు మబ్బు పడుతున్నాయి గానీ వాన లేదు. అమ్మాయి ఫోన్ చేసి, ఫలానా వారం వస్తున్నానని చెప్పింది. నాకోసం ఒక పెట్టె నేనే చేసుకోవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో నాకంటూ చేసుకున్న మొదటి పెట్టె. అందులో ఏం పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు. అరనిండా ఉన్న వస్తువుల్లో ఒక్కటీ నా ఒక్కడి కోసం పనికొచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే ఒకరోజు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఇమాంగారు నన్ను ఆపారు. మసీదు చూరు కింద నీళ్ళు పోవడానికి కట్టిన రేకు కాలువ ఒక పక్క ఊడి వేలాడుతోంది. వానలకు ముందు బిగించాలి.

"మీరు తప్ప రేకు పని తెలిసినవాళ్ళు ఎవరున్నారు?" అన్నారు.

"నాకు ఎత్తంటే కళ్ళు తిరుగుతాయండీ."

"నిచ్చెన నేను పట్టుకుంటాను. కింద చూడకండి, అంతే."

మసీదు వెనక వరండాలోంచి నిచ్చెన తీసుకొచ్చారు. మా ఇంట్లో ఉన్నదాని లాంటిదే. ఒకప్పుడు వీధి చివర ఉండే వడ్రంగి సగం వీధికి ఒకే రకం నిచ్చెనలు చేసి ఇచ్చాడు. అన్నీ కవలపిల్లల్లా ఉంటాయి. నేను బిస్మిల్లా అనుకుని ఎక్కాను. కిందికి చూడకూడదు కాబట్టి కళ్ళను ఎదురుగా ఉన్న మెట్టుకు అతికించాను. ఒక మెట్టు, ఇంకో మెట్టు. అలా పోయేసరికి పైనుంచి రెండో మెట్టు నా ముక్కుకు ఎదురుగా వచ్చింది. దాని అడుగుభాగాన ఒక రేకు పట్టీ ఉంది.

మెట్టు చీలితే వేసిన పట్టీ అది. అంచులు లోపలికి మడిచి ఉన్నాయి, ఎవరి చెయ్యీ కోసుకోకుండా. రివెట్లు ఏటవాలుగా, జంటగా ఉన్నాయి. ప్రతి పనివాడికీ ఒక చేతివాటం ఉంటుంది. రివెట్టు ఏటవాలుగా కొట్టేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. పెళ్ళయిన కొత్తలో, మా పెరట్లో నేల మీద కూర్చుని ఆ పట్టీ నేనే వేశాను. ఆమె పక్కన నిలబడి, "ఇనప్పెట్టెలాగా చేస్తున్నారు, ఇది ఎక్కడానికండీ" అంది.

"ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా?" కిందనుంచి ఇమాంగారు అడిగారు.

"లేదండీ. ఈ నిచ్చెన మసీదుకు ఎవరిచ్చారు?"

"నేను రాకముందు నుంచీ ఉంది. అప్పుడెప్పుడో సున్నాలు వేయడానికి ఎవరింట్లోంచో తెచ్చారట. తిరిగి ఇద్దామంటే ఎవరూ నాదని రాలేదట. ఎందుకూ?"

"ఊరికే అడిగాను."

కాలువ బిగించాను. రివెట్లు సరిగానే పడ్డాయి. కిందికి దిగాక ఇమాంగారు నీళ్ళు ఇచ్చారు. తాగుతూ, "ఇచ్చానని తెలియకుండా ఇచ్చినదానికి ఏమైనా పుణ్యం ఉంటుందాండీ?" అని అడిగాను.

"ఇవ్వాలనే నియ్యత్ ఉండాలి కదా" అన్నారు ఆయన. తర్వాత నా ముఖం చూసి, "ఇప్పుడు పెట్టుకున్నా ఆలస్యం కాదు" అన్నారు.

పెట్టుకున్నాను. నా నిచ్చెన మసీదుదే. అది అక్కడితో తేలిపోయింది. తేలనిది ఇంట్లో ఉంది. పైమెట్టు మీద నా నీలం చుక్కతో మా పెరటి గోడకు ఆనుకుని ఉంది. అది ఎవరిది?

దారి పొడుగునా ఆ నీలం చుక్కల రోజే గుర్తు చేసుకున్నాను. దానికి ముందు నేను ఊరు వెళ్ళి ఉన్నాను. మసీదుకు సున్నాలు వేస్తున్నారు. మా నిచ్చెన అడిగి ఉంటారు, ఆమె ఇచ్చి ఉంటుంది. మరి తనకు అవసరమైతే ఎవరిది తెచ్చుకుంది? మా వీధి మలుపు తిరిగేసరికి ఎదురింటి గోడ, రెండు మేకులు కనిపించాయి. అవి తాడు కోసం కొట్టినవి కావు. ఇక ఎవరినీ అడగనక్కర్లేదు. అయినా అడగాలి.

రేడియో గుమ్మంలో కూర్చుని పిండి బాగుచేస్తోంది. చేటలాంటి పాత పళ్ళేన్ని వంచి, చేత్తో పొట్టు ఏరుతోంది. జల్లెడ లేదు. జల్లెడ మాది. మాకు తిరిగి ఇచ్చేసింది.

"చెల్లెమ్మా, ఒక మాట. మా పెరట్లో ఉన్న నిచ్చెన ఎవరిది?"

"మీదే కదా అన్నయ్యా. నీలం చుక్క ఉందిగా" అంది, తల ఎత్తకుండా.

"నా నిచ్చెన మసీదులో ఉంది. ఇప్పుడే ఎక్కి దిగి వచ్చాను."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆవిడకు మాట దొరకకపోవడం నేను చూడడం అదే మొదలు.

"నేను చెప్పలేదు సుమా. ఆయన అడిగితే మీరే కనిపెట్టారని చెప్పాలి."

"చెప్తాను. నన్ను కూర్చోబెట్టి సంగతేమిటో చెప్పు."

పీట జరిపింది. ఆ ఇంటి గుమ్మంలో అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదని కూర్చున్నాక తెలిసింది.

"మీరు ఊళ్ళో లేనప్పుడు మీ నిచ్చెన మసీదుకి వెళ్ళింది. ఈలోపు గాలివాన వచ్చేట్టుందని వదిన కప్పు మీద పట్టా వేసుకోవడానికి మాది పట్టుకెళ్ళింది. మీరు వచ్చి చుక్కలు పెట్టేశారు. ఆ సాయంత్రం వదిన వచ్చి ఇక్కడే, మీరు కూర్చున్నచోటే కూర్చుంది. 'మీ నిచ్చెన మీద ఆయన గుర్తు పెట్టేశారు, ఎలా చెప్పాలో తెలియట్లేదు' అని ఏడ్చినంత పని చేసింది."

"చెప్తే నేను కొట్టేవాణ్ణా?"

"కొట్టరు. నెల రోజులు మాట్లాడరు. మీ సంగతి మాకు తెలియదా? పరాయి వస్తువుకి నా చుక్క పెట్టానని తెలిస్తే మీరు మసీదులో తలెత్తుకోలేరని వదిన బాధ. అప్పుడు ఈయన అన్నాడు, 'చెప్పొద్దు వదినా. అన్న చిన్నబుచ్చుకుంటాడు. నిచ్చెన మా గోడకున్నా మీ గోడకున్నా మేమేం ఆకాశానికి ఎక్కేది లేదు. కావాల్సినప్పుడు వచ్చి అడుగుతాను' అని."

"అడిగేవాడు" అన్నాను. "ఇన్నేళ్ళూ వచ్చి అడిగేవాడు. నేను సాయంత్రానికి తెచ్చెయ్యి అనేవాణ్ణి."

"తెచ్చేసేవాడు కూడా."

"మొన్న ఇవ్వనన్నాను."

"ఆ రోజు నాకు కోపం వచ్చింది. దాచడం దేనికి. ఈయన మాత్రం, అన్నకి నిచ్చెన మీద కోపం కాదులే, ఇల్లు ఖాళీ అయిందని కోపం అన్నాడు."

"నీకు రేడియో అని పేరు పెట్టింది నేనే" అన్నాను.

"తెలుసు. ఆ ఒక్క స్టేషనే మీకు తగల్లేదు." నవ్వి, పళ్ళెం పక్కన పెట్టింది. తర్వాత గొంతు మారింది. "వదిన ఏది ఇచ్చినా మీ పేరు చెప్పే ఇచ్చేది అన్నయ్యా. గిన్నె ఇచ్చినా, గొడుగు ఇచ్చినా, 'ఆయన ఇమ్మన్నారు' అనేది."

"నేనా?"

"మేం నమ్మేవాళ్ళం కాదనుకోండి. మీరు అవతల సణగడం వినపడుతూనే ఉండేది. అయినా ఆమె అనేది. ఒకసారి అడిగాను, ఎందుకు వదినా అబద్ధం అని. 'అబద్ధం కాదు, ముందుగా చెప్తున్నాను. ఎప్పుడో ఒకప్పుడు ఆయన అంటారు' అంది."

నేను లేచాను. వీధి దాటి ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు ఇంట్లోనే చేసుకున్నాను. మొదటి వరుసలో నా చోటు ఖాళీగా ఉండి ఉంటుంది. చాలా రోజుల తర్వాత ఆ పొట్టి సూరా చదివాను. తొందర లేకుండా, మాట మాటకూ ఆగుతూ చదివాను. పొట్టిదే. అయినా చివరకు చేరడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక పెరట్లోకి వెళ్ళాను. రేకు గీకే బద్దతో పైమెట్టు మీద నీలం చుక్క గీకాను. రంగు పాతది, చెక్కలోకి ఇంకిపోయింది. చుక్క పోయింది గానీ ఆ చోటు మాత్రం తెల్లగా, కొత్త చర్మంలా మిగిలింది. నిచ్చెన భుజాన వేసుకున్నాను. అనుకున్నదానికన్నా బరువు. ఈ బరువు ఆమె ఎన్నిసార్లు మోసిందో.

వీధి అడ్డంగా దాటుతుంటే రొట్టెలు కాల్చే అతను పొయ్యి దగ్గరనుంచి చూసి, "పొద్దున్నే ఎవరి కప్పు మీదకండీ?" అన్నాడు.

"దిగడానికయ్యా" అన్నాను. అతనికి అర్థం కాలేదు. నాకూ అలా ఎందుకు అన్నానో తెలియదు.

డ్రైవరు గుమ్మంలో కూర్చుని బూట్లకు లేసులు కట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు. నిచ్చెన చూశాడు. పైమెట్టు మీద గీకిన చోటు చూశాడు. తర్వాత తల తిప్పి లోపలికి చూశాడు.

"నేను చెప్పలేదు" అంది లోపలినుంచి ఆవిడ గొంతు.

"ఆమె చెప్పలేదు తమ్ముడూ. నేనే చూసుకున్నాను. నీ నిచ్చెన."

ఆయన మెడ వెనక చెయ్యి పెట్టి రుద్దుకున్నాడు. అప్పు నాది అయితే సిగ్గు ఆయన పడుతున్నాడు.

"తొందరేం లేదన్నా" అన్నాడు.

"నాకుంది. ఆలస్యం చేశాను. మాఫ్ చెయ్యి."

"అంత మాట ఎందుకన్నా. వీధి దాటితే నిచ్చెన. అంతేగా."

"జల్లెడ కూడా తెచ్చి ఇస్తాను. ఇంట్లో ఊరికే పడి ఉంది. పిండి చేత్తో ఏరుతోంది చెల్లెలు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. "వదిన ఇమ్మందా?" అంది రేడియో, ఎప్పటి గొంతుతో, వీధంతా వినపడేలా.

"నేనే ఇస్తున్నాను" అన్నాను.

డ్రైవరు నిచ్చెన ఒక కొస అందుకున్నాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. పక్కగోడ వైపు నడిచాం.

"రేపు ఒకసారి ఇది కావాలి తమ్ముడూ. వానలకు ముందు మా కప్పు చూసుకోవాలి."

"అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నారన్నారుగా?"

"వస్తే నాలుగు రోజులు ఉండి వెళ్ళమంటాను. కారే కప్పు కింద ఉండమనలేను కదా."

ఆయన నడుస్తూనే నిచ్చెన కొసను భుజం మీదికి మార్చుకున్నాడు.

"తీసుకెళ్ళండి. సాయంత్రానికి మాత్రం తెచ్చెయ్యాలి" అన్నాడు, అచ్చం నా గొంతుతో.

గోడ దగ్గర ఆగాం. సున్నం ఎన్నిసార్లు వేశారో గానీ మేకుల మీద పడనివ్వలేదు. తుప్పు పట్టి నల్లగా ఉన్నాయి. వాటికి ఏదీ తగిలించి ఉండగా చూసినట్టు నాకు గుర్తు లేదు. ఇద్దరం కలిసి ఎత్తాం. ఒక పక్క ఆయన తగిలించాడు. రెండో పక్క నేను కొంచెం జరిపి చూసుకోవాల్సి వస్తుందనుకున్నాను. అక్కర్లేకపోయింది. నిచ్చెన తన చోటులో కూర్చుంది. నేను చేతులు తీసేశాను.